చీర కట్టుకుంటే పద్మశ్రీ, చీర కట్టుకుంటే జైలు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు వచ్చి ముందు కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

నాకు ఇచ్చిన అంశం కవిత్వం, ప్రదర్శన, పరిశోధన ద్వారా క్వియర్ చరిత్ర. క్వియర్ అంటే ఆడ, మగ అని గీసిన గీతల్లో గానీ, ఆడ-మగ ప్రేమల్లో గానీ ఇమడనివాళ్లు. ప్రపంచమంతా పట్టే అంశం ఇది. నేను మాత్రం తెలుగు నేల, దక్కను దాటి వెళ్లను. క్వియర్ చరిత్ర అనగానే మనలో చాలామందికి 1969లో న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ దగ్గర జరిగిన తిరుగుబాటు గుర్తొస్తుంది, అక్కణ్ణుంచి ఒక్క గెంతులో 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాల్ని నేరమన్న 377వ సెక్షన్ మీద ఇచ్చిన తీర్పు దగ్గరికి వచ్చేస్తాం. ఆ మధ్యలో గానీ, అంతకుముందు గానీ ఇక్కడ ఎవరూ లేనట్టే మాట్లాడతాం. ఉన్నారు. పాడారు, ఆడారు, పోలీసు రిజిస్టర్లకెక్కారు. సాహిత్యం చదివేవాళ్లు చట్టాల జోలికి పోరు, చట్టాలు చదివేవాళ్లు నాటకాలు చూడరు, ఆడి పాడేవాళ్లని యూనివర్సిటీ సభలకి ఎవరూ పిలవరు, అందుకే ఆ ముక్కలన్నీ ఎక్కడివక్కడ ఉండిపోయాయి. నేను స్టేజీ మీదా పనిచేస్తాను, పరిశోధనా చేస్తాను. ఈ రెండు పనుల మధ్య తిరుగుతుంటే నాకు కనిపించిన సంగతి ఒకటి మీ ముందు పెడతాను.

1956 సంవత్సరం తీసుకోండి. ఆ ఏడాది స్థానం నరసింహారావు గారికి పద్మశ్రీ వచ్చింది. తెలుగు నాటకరంగంలో స్త్రీపాత్రలంటే ఆయనే. శ్రీకృష్ణ తులాభారంలో ఆయన సత్యభామగా వస్తే జనం ఊగిపోయేవాళ్లు. చీర కట్టు, నడక, అలక, ఓరచూపు, ఇవన్నీ ఒక మగవాడు ఇంత బాగా చేస్తున్నాడని దేశం ఆయన్ని గౌరవించింది. అది న్యాయమే, ఆయన అంత గొప్ప నటుడు.

అదే ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ రాజ్యం నాటి చట్టాలు కొన్ని కొత్త రాష్ట్రంలోకి అలాగే నడిచొచ్చాయి. వాటిలో 1329 ఫస్లీ, అంటే 1919లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో వచ్చిన యూనక్స్ యాక్ట్ ఒకటి. యూనక్ అంటే నపుంసకుడు అని వాళ్ల లెక్క. హైదరాబాద్ నగరంలో ఉండే హిజ్రాల్లో పిల్లల్ని ఎత్తుకుపోతారని, అసహజ నేరాలు చేస్తారని అనుమానం ఉన్నవాళ్ల పేర్లు ఒక రిజిస్టర్‌లో రాయాలని ఆ చట్టం చెప్పింది. నేరం రుజువు కానక్కర్లేదు, అనుమానం చాలు. రిజిస్టర్‌లోకెక్కిన మనిషి ఆడవాళ్ల బట్టల్లో గానీ నగలు పెట్టుకుని గానీ వీధిలో కనబడితే, లేదా బహిరంగ స్థలంలో పాడినా ఆడినా ఏ వినోద కార్యక్రమంలో పాల్గొన్నా, వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ఆ సెక్షన్‌లో ఒక చోట నేను చాలాసేపు ఆగిపోయాను. వీధిలో ఆడబట్టలతో తిరగడం ఒక్కటే నేరం కాదట, వీధిలోంచి ఎవరికైనా కనబడాలనే ఉద్దేశంతో వేరే ఏ చోట ఉన్నా నేరమేనట. అంటే మీరు మీ ఇంట్లో, మీ కిటికీ దగ్గర, చీర కట్టుకుని నిలబడ్డారనుకోండి, మీ మనసులో ఏముందో పోలీసు తేలుస్తాడు. ఎవరో కూర్చుని, ఎక్కడ నిలబడితే ఎవరికి కనబడతారో ఆలోచించి రాసిన వాక్యం అది. కనబడకూడదు, వినబడకూడదు, అంతే. పెళ్లిళ్లకీ పుట్టుకలకీ దీవెన పాట, అదే బధాయి, పాడి, ఇళ్ల ముందు ఆడి బతికే మనుషులకి ఆ వాక్యం ఏం చేస్తుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు, అది నేరుగా వాళ్ల నోటి దగ్గర కూడు లాగేసింది.

సత్యభామ వేషం వేసినాయనకి పద్మశ్రీ వచ్చిన ఏడాదే, చీర కట్టుకున్నందుకు జైల్లో పెట్టగల చట్టం కొత్త రాష్ట్రపు పుస్తకాల్లో చేరింది. నేను స్థానం వారు క్వియర్ అని చెప్పడం లేదు. ఆయన నటుడు, వేషం వేశాడు, తీశాడు. అసలు సంగతి అక్కడే ఉంది. తీసేసే చీరకి సన్మానం, తీయనన్న చీరకి శిక్ష. మన క్వియర్ చరిత్రని ఎక్కడ వెతకాలని ఎవరైనా అడిగితే, ఈ రెండు చీరల మధ్య వెతకమంటాను.

ఆ చట్టం నిజాం సొంత బుర్రలోంచి పుట్టింది కాదు. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. నేరస్థ జాతుల చట్టమని దాని గురించి మనకి తెలుసు, ఎరుకల, యానాది వంటి ఎన్నో కులాల్ని ఆ తర్వాతి రోజుల్లో అది నలిపేసింది. కానీ దాని రెండో భాగం మొత్తం హిజ్రాల మీదే అన్న సంగతి చాలామందికి తెలియదు. హైదరాబాద్ చట్టంలో ఉన్న రిజిస్టర్, ఆడబట్టల నిషేధం, పాట మీద ఆట మీద శిక్ష, అన్నీ దాంట్లోవే, దాదాపు మాటకి మాట. జెస్సికా హించీ అనే చరిత్రకారిణి 2019లో వచ్చిన తన పుస్తకంలో ఈ కథంతా తవ్వి తీసింది. 1852లో ఉత్తరాదిన మైన్‌పురిలో భూరా అనే హిజ్రా హత్యకు గురైంది. చచ్చిపోయింది హిజ్రా. కానీ విచారణ జరిపిన తెల్లదొరలకి కోపం వచ్చింది హిజ్రాల మీద. ఈ మనుషులు మన పాలనకే మచ్చ అనే ధోరణి అక్కడ మొదలై, ఇరవై ఏళ్లు తిరక్కుండా చట్టమైంది.

హించీ చేసిన పని నాకు ఎందుకు అంత ముఖ్యమంటే, పోలీసులూ మేజిస్ట్రేట్లూ ద్వేషంతో రాసిన కాగితాల్నే తీసుకుని, వాటిలోంచి మనుషుల్ని బయటికి తెచ్చింది. ఎవరికి ఎవరు గురువు, ఎవరు చేలా, అంటే శిష్యురాలు, ఎవరు ఎక్కడ ఆడారు, చట్టం వచ్చాక కూడా ఎలా దొరక్కుండా తప్పించుకుని ఆడారు. నిషేధించిన కాగితమే సాక్ష్యం అయింది. ఎవరూ వీధిలో ఆడకపోతే ఆడకూడదని చట్టం ఎందుకు రాస్తారు చెప్పండి?

ఇప్పుడు కవిత్వం దగ్గరికి వద్దాం. మన వాళ్లకి ఇష్టమైన వాదన ఒకటుంది, మన పురాణాల్లో అన్నీ ఉన్నాయి, శిఖండి ఉన్నాడు, మోహిని ఉంది, కాబట్టి మనది మొదటినుంచీ ఉదారమైన సమాజం, చెడగొట్టింది తెల్లవాళ్లే అని. నాకు ఆ వాదనతో పేచీ ఉంది. తిక్కన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో కదా, అందరూ మారువేషాల్లో ఉండే పర్వం. అర్జునుడు బృహన్నలగా వచ్చి ఉత్తరకి నాట్యం నేర్పుతాడు. ఎంత అందమైన ఘట్టం! కానీ వ్యాసుడి మూలంలో ఇంకో చిన్న ముక్క ఉంది, అంతఃపురంలోకి పంపేముందు విరాటుడు ఆడవాళ్ల చేత పరీక్ష చేయించి, మగతనం లేదని ఖాయం చేసుకున్నాక గానీ బృహన్నలని లోపలికి పంపడు. ఇందాకటి 1919 చట్టంలో నపుంసకుడు అంటే ఎవరో నిర్వచనం ఇచ్చారు, తానే ఒప్పుకున్నవాడు, లేదా వైద్య పరీక్షలో అలా తేలినవాడు అని. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ మనుషుల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టు, నువ్వెవరో నువ్వే చెప్పుకోవచ్చు అంది. ఐదేళ్లు తిరిగేసరికి 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం వచ్చి, కలెక్టర్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకో, సర్జరీ తర్వాత ఆడ, మగ అని మార్పించుకోవాలంటే ఆస్పత్రి కాగితం కూడా పెట్టు అంది. విరాటుడి కొలువు నుంచి కలెక్టరాఫీసు దాకా, మా మాట నమ్మడానికి ముందు మా ఒంటిని చూడాలనే కోరిక మాత్రం పోలేదు. పురాణాన్ని మురిసిపోవడానికి చదవకండి. అందులో మనుషులు ఎలా ప్రవర్తించారో చూడటానికి చదవండి.

అయినా పురాణంలో మురిసిపోదగ్గ కథ ఒకటి ఉంది, దాన్ని ఎవరూ హరికథల్లో చెప్పరు, నేను చెప్తాను. అనుశాసన పర్వంలో భంగాస్వనుడని ఒక రాజు. కొలనులో మునిగి ఆడదైపోతాడు. రాజ్యం కొడుకులకిచ్చి అడవికి పోయి, ఒక మునితో కాపురం చేసి, పిల్లల్ని కంటుంది. తర్వాత ఇంద్రుడి కోపం వల్ల రెండు కాపురాల పిల్లలూ చచ్చిపోతారు. ఇంద్రుడు దయతలిచి ఎవర్ని బతికించమంటావని అడిగితే, తల్లిగా కన్నవాళ్లని అంటుంది. నిన్ను మళ్లీ మగవాణ్ణి చేయనా అంటే, వద్దు, ఇలాగే ఉంటాను అంటుంది. అంపశయ్య మీద భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ ఇది. శాపం తీరిపోవాలని ఎదురుచూసే కథలు బోలెడు. శాపమని అందరూ అనుకున్నదాన్ని ఉంచేసుకుంటానన్న మనిషి ఇక్కడ ఒక్కతే దొరుకుతుంది.

తెలుగు పదకవిత్వంలో మగకవి ఆడమనిషిగా మాట్లాడటం ఎంత మామూలు విషయమో మీకు తెలుసు. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో నాయికగా, చెలికత్తెగా అలుగుతాడు, ఎత్తిపొడుస్తాడు, ఎదురుచూస్తాడు. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య పదాలు ఇంకా ముందుకి పోతాయి, అందులో ఆడది మువ్వగోపాలుణ్ణి గుమ్మం దగ్గరే ఆపి లెక్క అడుగుతుంది. భక్తి అనే మాట ఒకటి అడ్డం పెట్టి మనం వీటిని దాటేస్తాం. అన్నమయ్యకి ఈనాటి పేరు ఏదో తగిలించాలని నాకేం లేదు. కానీ ఒక మగవాడు తన కోరికని ఆడగొంతుతో ఇంకో మగవాడికి, ఆ మగవాడు దేవుడే కావచ్చు, వేల పాటల్లో చెప్పుకోవడానికి ఈ భాషలో చోటుంది, విని కన్నీళ్లు పెట్టుకునే శ్రోతలున్నారు. నాలాంటివాళ్లు ఆ పాటలు వింటే ఇంకో రకంగా వింటారు. ఆ వినికిడికి కూడా చరిత్రలో లెక్క ఉండాలి.

దక్కనీ ఉర్దూలో ఇంకాస్త తేటగా దొరుకుతుంది. బీజాపూర్ హాష్మీ పదిహేడో శతాబ్దంలోనే ఆడవాళ్ల మాటలో గజళ్లు రాశాడు. ఔరంగాబాద్ సిరాజ్ పద్దెనిమిదో శతాబ్దంలో తను ఒక యువకుడి మీద పెంచుకున్న ప్రేమనే మస్నవిగా, అంటే పొడవాటి కథాకావ్యంగా రాసుకున్నాడు. ఆడగొంతుతో రాయడం తర్వాత లక్నోకి పోయి రేఖ్తీ అనే పేరుతో స్థిరపడింది, రంగీన్, ఇన్షా వంటివాళ్ల రేఖ్తీలో ఆడవాళ్లు ఆడవాళ్లని ప్రేమించడం దాపరికం లేకుండా ఉంటుంది. జాన్ సాహెబ్ అనే కవి ముషాయిరాల్లో, అంటే కవి సమ్మేళనాల్లో, ఆడవేషంలో, ఆడవాళ్ల హావభావాలతో చదివేవాడని చెప్పుకుంటారు. కవిత్వం, ప్రదర్శన వేరువేరు గదులు అనుకునే మనకి ఇది మంచి జవాబు. రూత్ వనిత, సలీం కిద్వాయ్ కలిసి 2000లో భారతీయ సాహిత్యంలో ఒకే లింగం వాళ్ల ప్రేమల మీద తెచ్చిన సంకలనం, ఆ తర్వాత రేఖ్తీ మీద వనిత రాసిన పుస్తకం లేకపోతే ఇవేవీ మన చేతికి వచ్చేవి కావు. సంస్కరణల రోజుల్లో ఉర్దూ పెద్దమనుషులు రేఖ్తీని సిగ్గుచేటని పక్కకి నెట్టేశారు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. ముద్దుపళని రాధికా సాంత్వనము సంగతి చూడండి. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ఒక వేశ్య రాసిన కావ్యం, రాధ కోరిక గురించి, రాధ అలక గురించి. అది క్వియర్ కావ్యమా కాదా అన్న చర్చలోకి నేను పోను, దానికి ఏం జరిగిందో మాత్రం చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అచ్చువేసినాయన కొన్ని పద్యాలతో పాటు అవతారికని కూడా తీసేశాడు. తన వంశం గురించి, తనెవరో ముద్దుపళని చెప్పుకున్న భాగం అది. వీరేశలింగం గారు ఆ కావ్యాన్నీ, రాసినామెనీ కలిపి తిట్టారు. బెంగళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి 1910లో పూర్తిగా అచ్చువేయించింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. కత్తెర పడిన చోటు గమనించండి. శృంగారం ఎంతో కొంత మిగిలింది, నేను ఫలానా అని ఆమె చెప్పుకున్న చోటు పోయింది. మా చరిత్రలో ఖాళీలన్నీ ఇలాంటి చోట్లే ఉంటాయి.

క్షేత్రయ్య ఊరు మువ్వకి పక్కనే కూచిపూడి. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? తెర పట్టుకుంటారు, మనిషి కనబడడు, ముందు పొడవాటి జడ ఒక్కటి తెర మీంచి ఇవతలికి పడుతుంది. నాకంటే గొప్పవాడుంటే రమ్మనే సవాలు అది. పూర్వం ఆ జడ వెనక ఉన్నది ఎప్పుడూ మగవాడే. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పేరు మీద చెప్పుకునే నియమం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషంలో ఎంత పేరు తెచ్చుకున్నారంటే 1970లో ఆయనకీ పద్మశ్రీ వచ్చింది.

నేను మొదట్లో ఈ స్త్రీవేషాన్ని చూసి మనవాళ్లే అని సంబరపడేవాణ్ణి. హర్షిత కామత్ పరిశోధన ఆ సంబరం మీద ఆలోచన రేపింది. కూచిపూడి అగ్రహారంలో ఆడవేషం కట్టడం వల్ల ఆ మగవాడి మగతనానికి భంగం రాలేదని, పైగా ఆ ఊళ్లో బ్రాహ్మణ పురుషుడిగా అతని పరువు ఆ వేషం మీదే నిలబడిందని ఆమె చూపించింది. అదే భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వంశవృత్తిగా ఉన్న కళావంతుల ఆడవాళ్లు కూడా ఆడేవాళ్లు. దవేష్ సోనేజీ అనే పరిశోధకుడు వాళ్ల ఇళ్లకి వెళ్లి, ముసలివాళ్లైన ఆ కళాకారిణులు నాలుగు గోడల మధ్య పాడుకునే పాటలు విని రాశాడు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చాక వాళ్లకి ఆడే చోటే లేకుండా పోయింది. కథ ఒకటే, సత్యభామ ఒకతే. అగ్రహారపు మగవాడు ఆడితే శాస్త్రీయ కళ, కళావంతుల ఆడది ఆడితే అనాచారం, చీర కట్టుకున్న హిజ్రా వీధిలో ఆడితే వారెంట్ లేని అరెస్టు. కులం మాట ఎత్తకుండా క్వియర్ చరిత్ర చెప్పేవాళ్లని నేను నమ్మలేను, ఈ మూడిట్లో ఎవరికి ఏం దక్కిందో చూశాక ఎలా నమ్మను?

బతికున్న మనుషుల దగ్గర కూర్చుని రాసిన పరిశోధన గురించి కూడా చెప్పాలి. గాయత్రీ రెడ్డి హైదరాబాద్, సికింద్రాబాద్ హిజ్రాల మధ్య ఉండి రాసిన పుస్తకం 2005లో వచ్చింది. షహర్‌వాలా, లష్కర్‌వాలా అని రెండు ఇళ్లు, గురువు-చేలా బంధాలు, ప్యాంటూ చొక్కా వేసుకుని తిరిగే కోతీలు (ఆడతీరు ఉన్న మగవాళ్లు తమని తాము పిలుచుకునే పేరు), జోగిన్లు, శివసత్తులు, వీళ్లలో ఎవరు ఎవర్ని ఎలా చూస్తారన్నదంతా అందులో ఉంది. ఆమెకి అందరి నోటా వినపడ్డ మాట ఇజ్జత్, అంటే పరువు. బయటివాళ్లు మాకు అదే లేదనుకుంటారు, లోపల మా గొడవలన్నీ దాని గురించే.

కానీ ఎంత మంచి పరిశోధకురాలైనా, రాసే పెన్ను ఆమె చేతిలోనే ఉంటుంది. హిజ్రా అయిన ఎ. రేవతి ఆ పెన్ను తన చేతిలోకి తీసుకుంది. ఆమె తమిళంలో రాసుకున్న జీవితకథ 2010లో ఇంగ్లీషులో వచ్చింది, పి. సత్యవతి గారు దాన్ని ఒక హిజ్రా ఆత్మకథగా తెలుగు చేశారు, ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రేవతి అక్కడ ఆగలేదు, తన జీవితాన్నే ఏకపాత్రగా స్టేజీ మీదికి తెచ్చింది. పుస్తకంలో చదివిన దెబ్బలు ఆ మనిషే ఎదురుగా నిలబడి చెప్తుంటే మీరు పేజీ తిప్పి తప్పించుకోలేరు. ప్రదర్శన కూడా పరిశోధనే అని నేను మొండిగా అనేది ఇందుకే.

ఇక హైదరాబాద్ చట్టం ఏమైందంటారా? రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణ పేరుతో మళ్లీ కొనసాగింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో హైకోర్టుకి వెళ్లారు. 2023 జులైలో కోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛన్లు ఇవ్వమని, చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కోసం చర్యలు తీసుకోమని కూడా చెప్పింది. 1919 నుంచి 2023 దాకా. నూట నాలుగేళ్లు కిటికీ దగ్గర నిలబడటం నేరంగా ఉంది ఈ నగరంలో.

నాకు ఇప్పుడు తొందరంతా ఒక్క పని గురించే. ఈ నగరంలో బధాయి పాటలు తెలిసిన పెద్ద హిజ్రాలు, జాతర పాటలు తెలిసిన శివసత్తులు ఇంకా ఉన్నారు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఇక్కడున్న విద్యార్థులు ఎవరైనా రికార్డు చేద్దామనుకుంటే ఫోను పట్టుకుని నేరుగా ఇంటికి వెళ్లిపోకండి. ముందు గురువు అనుమతి అడగండి. పాడించుకున్న సమయానికి డబ్బు ఇవ్వండి, సినిమా పాట పాడినవాళ్లకి ఇవ్వరా? పుట్టినప్పటి పేరు ఏమిటి, ఆపరేషన్ అయిందా అని అడగొద్దు, ఆ పరీక్షలు వాళ్లకి కొత్త కాదు. ఈ పాట నీకు ఎవరు నేర్పారు, వాళ్లకి ఎవరు నేర్పారు అని అడగండి, వాళ్లు చెప్పిన వరసలోనే రాసుకోండి, ఎందుకంటే మా వంశవృక్షాలు అవే. పాడిన మనిషి ఒప్పుకుంటే పేరు మొదట్లోనే పెట్టండి, మీ పేరు తర్వాత. రేపు ఇది బయట పెట్టొద్దని ఫోన్ చేస్తే మారు మాట్లాడకుండా తీసేయండి. వచ్చే నెల నుంచి మేం కొందరం ఈ పని మొదలుపెడుతున్నాం, ఉర్దూ లిపి చదవగలిగినవాళ్లు మాకు చాలా అవసరం, సభ అయ్యాక ఆ తలుపు దగ్గరే ఉంటాను, వచ్చి కలవండి.